స్కోపు క్లిక్కుల లెక్క తప్పుతోందా? ముందు టరెట్ మీది రాత చదవండి

లక్షణం ఎప్పుడూ ఒకటే. ఎయిర్ రైఫిల్ కాలిస్తే 25 మీటర్ల దూరంలో పెల్లెట్ (చిన్న గుండు) గురికి 5 సెంటీమీటర్లు కింద పడింది. స్కోపులోని (రైఫిల్ మీద బిగించే గురి దుర్భిణిలోని) చుక్కలతో చూస్తే అది సరిగ్గా 2 మిల్లు (మిల్లు ఒక కోణపు కొలత). పది క్లిక్కులకు ఒక మిల్లన్న లెక్కతో టరెట్‌ను (గురిని సరిచేయడానికి క్లిక్కు క్లిక్కుగా తిప్పే స్కోపు గుండీని) 20 క్లిక్కులు పైకి తిప్పారు. అయినా తర్వాతి పెల్లెట్ దాదాపు సెంటీమీటరున్నర కిందే పడింది. హనుమకొండలో ఎయిర్ రైఫిల్ పట్టుకుని నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఈ దశలో స్కోపు చెడిపోయిందని తేల్చేస్తారు. టరెట్ మూత తీసి, లోపల ఏం రాసి ఉందో చదివారా అని అడిగితే మాత్రం జవాబు ఉండదు.

మౌంటు స్క్రూలు బిగించే ఉన్నాయనుకుందాం. అప్పుడు అసలు దొంగ ఇది: స్కోపు లోపలి చుక్కలు మిల్లులో, బయటి టరెట్ ఎంఓఏ అనే మరో కోణపు కొలతలో ఉండటం. చవక స్కోపుల్లో ఈ జంట సర్వసాధారణం. పెట్టె మీద 'మిల్-డాట్' (చుక్కకూ చుక్కకూ నడుమ ఒక మిల్లు) అన్న మాట చూసి నమ్మిన నేను మూడు సాయంత్రాలు, ఒక డబ్బా పెల్లెట్లు ఖర్చు చేసి, తప్పంతా రైఫిల్ స్ప్రింగుమీద వేశాను. చివరికి టరెట్ అంచున సన్నగా చెక్కిన '1/4 ఎంఓఏ' కనిపించింది. ఒక మిల్లు అంటే రేడియనులో వెయ్యోవంతు, 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు. ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యోవంతు, అదే దూరంలో 2.9 సెంటీమీటర్లు. అంటే ఒక మిల్లుకు 3.44 ఎంఓఏలు, పావు ఎంఓఏ టరెట్ మీద దాదాపు 14 క్లిక్కులు. పది తిప్పి ఊరుకుంటే గుండు చోటుకు రాదు.

ఎంఓఏ అంటే ఒక అంగుళమనే సూత్రం 100 గజాల దూరానికి చెప్పినది, అదీ ఉజ్జాయింపుగా. మనం ప్లాట్లను గజాల్లో కొన్నా గురి అట్టను మీటర్లలోనే నిలబెడతాం కనుక ఆ సూత్రాన్ని పక్కన పెట్టడం మేలు.

అనుమానం తీర్చుకోవడానికి టేపుతో 25 మీటర్లు కొలిచి (అడుగులు వేసి లెక్కపెట్టి కాదు) గ్రాఫు కాగితం అంటించండి. అడుగున గీసిన గుర్తుకు గురిపెట్టి ఐదు పెల్లెట్లు కాల్చి, 40 క్లిక్కులు పైకి తిప్పి, అదే గుర్తుకు గురిపెట్టి మరో ఐదు కాల్చండి. రెండు గుంపుల నడుమ 7.3 సెంటీమీటర్లు ఉంటే టరెట్ పావు ఎంఓఏది, 10 ఉంటే 0.1 మిల్లుది. రెండూ కాకపోతే అప్పుడు టరెట్‌నే అనుమానించండి.

జూమ్ తిప్పినా చుక్కల పరిమాణం మారని స్కోపులో ఇంకో మెలిక ఉంది. ఆ చుక్కల కొలత ఒకే జూమ్ దగ్గర నిజం. అది 10 అయితే, 5 దగ్గర చుక్కకూ చుక్కకూ నడుమ రెండు మిల్లులవుతుంది.

కొత్తది కొనేవారు చుక్కలూ టరెట్టూ ఒకే కొలతలో ఉన్నదాన్నే తీసుకోవాలి. సెంటీమీటర్లలో ఆలోచించేవారికి మిల్లు సులువు, 25 మీటర్ల లోపే కాల్చేవారికి ఎంఓఏ క్లిక్కు కాస్త సన్నం: 2.5 మిల్లీమీటర్లకు బదులు 1.8. సైన్యాల్లో వాడే, వృత్తాన్ని 6400 భాగాలు చేసే మిల్లు వేరే కదా అని అడిగేవారుంటారు. తేడా రెండు శాతం లోపే, ఈ దూరంలో అది కంటికి ఆనదు. ఇప్పటికే జత కుదరని స్కోపు ఉన్నవారు 'ఒక చుక్క = 14 క్లిక్కులు' అని చీటీ రాసి రైఫిల్ బట్‌కు (భుజానికి ఆనించే భాగానికి) అంటించుకుంటే చాలు; నాది ఇప్పటికీ అలాగే ఉంది.