కంట్రోలర్ కంప్యూటర్‌కి కలవడం లేదా? ముందు వైరు పెట్టి చూడండి

దసరాకి, సిరిమానోత్సవానికి విజయనగరం వచ్చే పిల్లల బ్యాగుల్లో బట్టలతో పాటు ఒక గేమ్ కంట్రోలర్ కూడా దిగుతోంది. కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టె) మాత్రం వాళ్ల ఇంట్లోనే ఉండిపోతుంది. ఇక్కడున్న కంప్యూటర్‌కి దాన్ని కలపబోతే మొదలవుతుంది గోల: "ఏట్రా ఇది, లైటెలుగుతంది గానీ బొమ్మ కదల్డం లేదు!"

బ్లూటూత్ సెట్టింగ్స్‌లో తలదూర్చే ముందు యూఎస్‌బీ కేబుల్ పెట్టండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన డబ్బాలో ఇంగ్లీషులో జాయ్.సీపీఎల్ (joy.cpl) అని కొట్టండి. కంట్రోలర్ పేరు కనిపిస్తే ప్రాపర్టీస్‌లోకి వెళ్లి బటన్లు నొక్కి చూడండి. అక్కడ కదిలితే వస్తువు బాగానే ఉంది, తేడా వైర్‌లెస్‌లోనో గేమ్‌లోనో ఉంది. అసలు పేరే రాకపోతే ముందు కేబుల్‌ని అనుమానించండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు చాలా ఉన్నాయి, వాటిలో డేటా వెళ్లదు. షాపులో "డేటా కేబులేనా?" అని అడిగి తీసుకోండి.

లైటు వెలుగుతోంది, బ్లూటూత్ లిస్టులో పేరు రావడం లేదు

సోనీ ప్లేస్టేషన్ (పీఎస్) కంట్రోలర్‌లో పీఎస్ బటన్ ఒక్కటే నొక్కితే అది తన పాత కన్సోల్‌నే వెతుక్కుంటుంది, కంప్యూటర్‌కి కనిపించదు. పీఎస్4 దాన్నైతే షేర్, పీఎస్ బటన్లు రెండూ కలిపి లైటు గబగబా కొట్టుకునేదాకా పట్టుకోవాలి. పీఎస్5 దానికి షేర్ బదులు క్రియేట్. ఎక్స్‌బాక్స్‌కి పైఅంచున చిన్న బటన్ విడిగా ఉంటుంది. పీఎస్4 కంట్రోలర్ అప్పటికీ మొండికేస్తే, వెనకవైపు ఎల్2 దగ్గర ఉన్న సన్నటి రంధ్రంలో పిన్నుతో కొన్ని సెకన్లు నొక్కితే రీసెట్ అవుతుంది. ఇంటికెళ్లాక కన్సోల్‌కి ఒకసారి కేబుల్ పెట్టి పీఎస్ బటన్ నొక్కమని పిల్లాడికి చెప్పి పంపండి, లేకపోతే అక్కడ మళ్లీ టెన్షన్.

పాత ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్లలో అసలు బ్లూటూతే లేదు. 2016లో వన్ ఎస్‌తో వచ్చిన మోడల్ నుంచే అది మొదలైంది. గుర్తుపట్టడం తేలిక: ఎక్స్‌బాక్స్ బటన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పైనున్న ఎల్‌బీ, ఆర్‌బీ బటన్లతో ఒకే ముక్కలా మెరుస్తూ ఉంటే అది పాతది. దానికి ఎక్స్‌బాక్స్ వైర్‌లెస్ అడాప్టర్ కొనాలి, లేదా వైరుతో ఆడుకోవాలి. నా సలహా వైరే.

జాయ్.సీపీఎల్‌లో కదులుతోంది, గేమ్‌లో కదలడం లేదు

ఎక్కువమంది కంట్రోలర్ పాడైందనుకునేది ఇక్కడే. విండోస్‌లో చాలా గేములు మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌ఇన్‌పుట్ పద్ధతిలో వచ్చే సంకేతాలనే అందుకుంటాయి. సోనీ కంట్రోలర్ పంపేది వేరే పద్ధతి. మధ్యలో మార్చి చెప్పేవాడు కావాలి. స్టీమ్ (కంప్యూటర్ గేములు కొని ఆడుకునే ప్రోగ్రాం) సెట్టింగ్స్‌లో కంట్రోలర్ విభాగానికి వెళ్లి ప్లేస్టేషన్ కంట్రోలర్లకి స్టీమ్ ఇన్‌పుట్ ఆన్ చేయండి. బయట కొన్న గేమ్ అయితే, నాన్-స్టీమ్ గేమ్‌గా లైబ్రరీలో చేర్చి అక్కడినుంచే తెరవండి. స్టీమ్ వద్దనుకుంటే డీఎస్4విండోస్ అనే ఉచిత ప్రోగ్రాం అదే పని చేస్తుంది.

రెండూ ఒకేసారి నడపొద్దు. ఒకసారి కిందికి నొక్కితే మెనూ రెండు వరుసలు దూకుతోందంటే, మీ ఒక్క కంట్రోలర్‌ని గేమ్ ఇద్దరు ఆటగాళ్లుగా లెక్కేస్తోందన్నమాట. ఒకదాన్ని మూసేయండి, సర్దుకుంటుంది.

ఆట మధ్యలో తెగిపోతోంది, నొక్కిన కాసేపటికి కదులుతోంది

ముందు ఛార్జింగ్ చూడండి. అది సరిగ్గా ఉంటే, బ్లూటూత్ డాంగిల్ (యూఎస్‌బీలో గుచ్చే చిన్న బ్లూటూత్ ముక్క) ఎక్కడ పెట్టారో చూడండి. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్‌లో. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్ డిస్కులు అదే పరిధిలో రొద పెడతాయని ఇంటెల్ 2012లోనే చెప్పింది. మంచం కింద తోసిన సీపీయూ వెనక, ఇనప డబ్బాకి ఆనుకుని డాంగిల్ ఉంటే సిగ్నల్ ఎలా వస్తుంది? చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో దాన్ని టేబుల్ మీదకి తెచ్చిపెట్టండి. రౌటర్‌లో ఉంటే వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. ల్యాప్‌టాప్ అయితే డివైస్ మేనేజర్‌లో బ్లూటూత్‌కి పవర్ ఆదా కోసం ఆపేసే టిక్కు తీసేయండి.

చెయ్యి తీసినా బొమ్మ నడుస్తూనే ఉంది

ఇది సెట్టింగ్ కాదు, స్టిక్ కింద అరుగుదల. గేమ్‌లో డెడ్‌జోన్ (స్టిక్ కాస్త కదిలినా గేమ్ పట్టించుకోని మేర) కొంచెం పెంచితే కొన్నాళ్లు గడుస్తుంది. దుమ్ము వల్లైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేస్తే తగ్గవచ్చు. బాగా అరిగిపోతే స్టిక్ మార్చడమే, అది టంకం పని. సోల్డరింగ్ చేతనైన ఫోన్ రిపేరు వాళ్లకివ్వండి, ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో ప్రయోగాలు వద్దు.