కబడ్డీతో ఊరూ వాడా కలపడం – నాలుగో పాఠం: జట్టు వేయడం

ఈసారి లీగ్ పట్టిక గురించి రాద్దామనుకున్నాను. మూడో పాఠం చదివి ఆట పెట్టించినవాళ్ళ కబుర్లు విన్నాక దాన్ని పక్కన పెట్టాను. దేవరకొండ వైపైనా, కల్వకుర్తి వైపైనా జరిగింది ఒకటే. ఊరి పిల్లలను ఒక జట్టు, వాడ (దళితుల పేట) పిల్లలను ఇంకో జట్టు చేశారు. ఒకచోట ఊరికీ తండాకూ పోటీ పెట్టారు. రెండో సగంలో కొట్లాట, ఆ తర్వాత పెద్దలు దిగడం.

ఉన్న కులం గీతనే గ్రౌండ్‌లో మళ్ళీ గీస్తే పగ తగ్గదు. మాట్ లోవ్ అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్‌లో క్రికెట్ లీగులు నడిపి ఇదే పరీక్షించాడు. 2021లో ఆ అధ్యయనం అచ్చయింది. వేరే కులం వాళ్ళతో ఒకే జట్టులో ఆడినవాళ్ళకు కులం దాటిన స్నేహాలు పెరిగాయి. వేరే కులం వాళ్ళు ఎదుటి జట్టులో తగిలినప్పుడు ఆ కలయిక తగ్గింది.

కాబట్టి జట్టు లోపలే కలపాలి. కోర్టు కొలతలు, కూత నియమాలు మీకు తెలిసినవే.

ఇక నాకు బాగా కోపం తెప్పించే పని: ఇద్దరు కెప్టెన్లను నిలబెట్టి 'నీకెవరు కావాలో పిలుచుకో' అనడం. కెప్టెన్ ముందు తన వైపు వాళ్ళనే పిలుస్తాడు. చివర్లో మిగిలే పిల్లలు ప్రతిసారీ వాళ్ళే. తననెవరూ కోరుకోలేదని అందరి ముందు తెలిశాక ఆ పిల్లాడు రేపు గ్రౌండ్‌కు ఎందుకు వస్తాడు? చీటీలు తీసినా ఒక్కోసారి ఒకే చోటి పిల్లలు ఒక జట్టులో పడతారు. జాబితా ముందురోజు రాత్రి మీరే రాయండి, పొద్దున చదివి వినిపించండి. మార్పులు అడిగితే ఒప్పుకోవద్దు.

ఏడుగురిలో చివర నిలబడే కార్నర్, అతని పక్కనుండే ఇన్ ఒక జంట. ఎడమన ఒకటి, కుడిన ఒకటి. ఇన్‌ల పక్కన, మధ్యకు దగ్గరగా నిలబడే రెండు కవర్లు ఇంకో జంట. ప్రతి జంటలో ఒకరు ఊరి నుంచి, ఒకరు వాడ నుంచి ఉండాలి. చెయ్యి చెయ్యి పట్టుకుని గొలుసు వేయకపోతే కూతకు వచ్చిన రైడర్ దొరకడం కష్టం. నాకు క్రికెట్ కన్నా కబడ్డీ ఇష్టం అందుకే. క్రికెట్‌లో బౌండరీ దగ్గర నిలబడి ఎవరినీ తాకకుండా పొద్దు గడిపేయొచ్చు. పైగా బ్యాట్ ఎవరిదో పెత్తనం వాళ్ళదే.

ఔటై బయట కూర్చున్నవాడు లోపలికి రావాలంటే తన జట్టు ఎదుటివాళ్ళలో ఒకరిని ఔట్ చేసి పాయింట్ తేవాలి. కూతకు పోయేవాడు బయట కూర్చున్నవాడి పేరు పిలిచి బయలుదేరడం అలవాటు చేయండి. పాయింట్ రాగానే ఇద్దరూ చేతులు కలపాలి.

ఇరాక్‌లో సల్మా మూసా అనే పరిశోధకురాలు క్రైస్తవుల ఫుట్‌బాల్ జట్లలో ముస్లింలను కలిపి చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. జట్టులోవాళ్ళ మధ్య దగ్గరితనం నిలిచింది, గ్రౌండ్ బయటి కొత్తవాళ్ళ విషయంలో మాత్రం మార్పు అంతగా లేదు. అందుకే సాధన గ్రౌండ్‌లో ఆగకూడదు.

సాధన: జంటలు మార్చకుండా రెండు వారాలు ఆడించండి. ఈలోపు ప్రతి జంటలో ఒకరు ఇంకొకరి ఇంటికి వెళ్ళాలి. ముందు మీరు పోయి ఇంటివాళ్ళతో మాట్లాడండి, పిల్లాడిని గడప దగ్గర అవమానానికి పంపొద్దు. వాకిట్లో కాదు, లోపల కూర్చోబెట్టి, ఇంట్లో వాళ్ళు తాగే గ్లాసుతోనే నీళ్ళివ్వాలి. ఏ ఇల్లు ఒప్పుకోలేదో, ఏ కారణం చెప్పిందో రాసి పెట్టుకోండి. ఐదో పాఠం ఆ కారణాలతోనే మొదలుపెడతాను.