జాతరలో ఫోటోలు, పాఠం 3: తప్పెటగుళ్ళని చెవితో తీయడం

పోయిన పాఠంలో అపర్చర్ (లెన్సులో వెలుగొచ్చే కన్నం) గోల అయిపోయింది కదా, ఈసారి అసలు కష్టం, గెంతేవాళ్ళని తీయడం. విజయనగరం జిల్లా ఎస్.కోట వైపు కొండకింది జాతరల్లో తప్పెటగుళ్ళు చూసే ఉంటారు, గుండెలకి రేకు తప్పెటలు, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని రెండు చేతుల్తో దరువేస్తూ ఎగురుతారు. నేను మొదటిసారెళ్ళి నాలుగొందల ఫోటోలు కొట్టేసి ఇంటికొచ్చి చూస్తే అందరి కాళ్ళూ నేలమీదే ఉన్నాయి. మా అమ్మయితే "ఏట్రా, ఈలందరూ బస్సు కోసం నిలబడ్డారా" అనేసింది.

గెంతు కంటికి కనబడ్డాక నొక్కితే లేటే. అందుకే మొదటి పది నిమిషాలు కెమెరా మెళ్ళోనే వదిలేసి పాట వినండి. ముందున్నాయన చరణం అందుకుంటాడు, మిగతావాళ్ళు దాన్నే తిరిగి పాడతారు, దరువు జోరెక్కి జోరెక్కి, అదిగో అక్కడ గెంతు. రెండు మూడుసార్లు వింటే మీ కాలే తాళం వేసేస్తాది, ఇక ఆ దెబ్బకి వెంట్రుకవాసి ముందు నొక్కడమే. ఎగిరిన మనిషి పైకెళ్ళడం అయిపోయి కిందకి దిగేలోపు ఒక్క లిప్త ఆగినట్టుంటాడు, అక్కడ దొరికితే షట్టర్ స్పీడు 1/250 సెకను చాలు. చేతులు కూడా ఆగాలంటే 1/1000 కావాలి, నాకైతే చేతులు కొంచెం చెదిరితేనే ఇష్టం, చప్పుడు కనబడినట్టుంటాది.

ఇక వెలుగు. అక్కడ కొండలు పడమటేపు కాబట్టి సాయంత్రం కాకుండానే సూర్యుడు చాటుకెళ్ళిపోతాడు, కింద నీడ, పైన తెల్లటి ఆకాశం, దాంతో కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ మోసపోయి మనుషుల్ని నల్లగా చేసేస్తాది. ఆకాశాన్ని ఫ్రేములోంచి తప్పించి కొండనే వెనక పెట్టుకోండి. ఎండుంటే దీనికి రివర్సు, రేకు తళుక్కుమన్నచోట తెల్లగా కాలిపోద్ది, ఎక్స్‌పోజర్ (ఫోటో వెలుగు) -0.7కి దించండి.

రాత్రి ఎల్‌ఈడీ లైట్ల కింద ఫోటోలో చారలొస్తే కెమెరా పాడైందని కంగారుపడకండి (నేను రిపేరు షాపుకి కూడా వెళ్ళొచ్చాను, అది వేరే కథ). మన కరెంటు 50 హెర్ట్జ్, చవకరకం లైటు సెకనుకి 100 సార్లు మినుకుమంటాది, షట్టర్ 1/100 పెడితే చారలు చాలావరకు పోతాయి. అంత స్లోలో మిమ్మల్ని కాపాడేది ఇందాకటి లిప్తే. ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే చురుకు) 3200 అయినా పర్లేదు, ఫ్లాష్ మాత్రం వద్దు, ఆడేవాళ్ళ కళ్ళలో కొడతాది.

హోంవర్కు: వీధిలో పిల్లలు తాడాట ఆడుతుంటే ఫోన్‌తోనైనా సరే, బర్స్ట్ (వరసగా టకటకా తీసేది) ఆపేసి, ఇరవై గెంతులకి ఇరవై ఫోటోలే. వాళ్ళ అమ్మానాన్నల్ని అడిగి తీయండి. ఐదు కుదిరితే పాఠం 4కి వచ్చేయండి, లేదంటే మళ్ళీ తాడు దగ్గరికే.