ఇల్లు, కూలి చూసుకుంటూ పదో తరగతి
ఒడిశాలో పర్లాకిమిడి, రాయగడ వైపు చదువు మధ్యలో ఆగిపోయిన తల్లిదండ్రులకు ఎన్‌ఐఓఎస్ (బడికి వెళ్లకుండా చదివి పరీక్ష రాసే జాతీయ ఓపెన్ స్కూల్ బోర్డు) దగ్గరి దారి. 14 ఏళ్లు నిండితే పదికి కట్టొచ్చు, తెలుగు మాధ్యమం ఉంది. ఫారంలో ఆ గడి మీరే చూసుకోండి. నెట్ సెంటర్ కుర్రాడు అలవాటుగా ఒడియా కొట్టేస్తే పుస్తకాలూ ఒడియావే వస్తాయి!

ముందు ఆధార్. ఇంటిపేరు అందులో ముందు, పాత టీసీలో వెనక ఉంటే చిక్కే; సరిచేయించాకే కట్టండి.

సబ్జెక్టులు ఐదు, ఒక భాష తప్పనిసరి. లెక్కలంటే భయమైతే గృహవిజ్ఞానం తీసుకోవచ్చు. కానీ ఐటీఐ ఆలోచనుంటే లెక్కలు, సైన్సు వదలొద్దు, చాలా ట్రేడ్లు అవే అడుగుతాయి. ఐదూ ఒకేసారి రాసి చతికిలబడొద్దు: ఏప్రిల్‌లో రెండు, అక్టోబరులో రెండు, మిగిలినది ఆపైన. పాసైనవి పోవు, గడువు 5 ఏళ్లు. టీఎంఏ (ఇంటి దగ్గర రాసి ఇచ్చే అసైన్‌మెంట్లు) జవాబులు మాత్రం గడువులోగా ఇవ్వండి, 20 శాతం మార్కులు వాటివే.