గుమ్మడి పాదుకు పోసే నీటి వేడి

విజయవాడలో పెరట్లోనో మేడమీదనో గుమ్మడి పాదు పెట్టేవారు ఎంత నీరు పోయాలో ఆలోచిస్తారు గాని, ఆ నీరు ఎంత వేడిగా ఉందో చాలామంది పట్టించుకోరు. గుమ్మడి వెచ్చదనాన్ని కోరే తీగ. గింజ మొలవడానికి నేల 25 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండడం అనుకూలం, 15 డిగ్రీలకు దిగితే గింజ మొలవక కుళ్లిపోవచ్చు. అయితే మన ఊళ్లో చల్లటి నీటికంటే వేడి నీటితోనే చిక్కు. ఏప్రిల్, మే నెలల్లో మేడమీది నల్లటి ప్లాస్టిక్ ట్యాంకులోని నీరు, ఎండలో పడి ఉన్న గొట్టంలో నిలిచిన నీరు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంతగా కాగుతాయి; వాటిని నేరుగా పోస్తే నేల పైపొరలోని లేత వేళ్లు దెబ్బతింటాయి. కాబట్టి గొట్టంలోని మొదటి నీటిని బకెట్‌లోకి వదిలి, చల్లారాకే వాడాలి. సుమారు 20 నుంచి 30 డిగ్రీల నీరు శ్రేయస్కరం. థర్మామీటరు లేకపోతే ముంజేతి మీద పోసుకొని చూడండి, వేడిగా తగలకపోతే చాలు. ట్యాంకు రాత్రంతా చల్లారిన తరువాత, తెల్లవారుజామున, ఆకులు తడవకుండా మొదట్లోనే పోయడం మేలు. మధ్యాహ్నం ఆకులు వడలినట్టు కనబడగానే కంగారుపడి బిందె ఎత్తనక్కరలేదు, సాయంత్రానికి చాలావరకు అవే తేరుకుంటాయి. తేరుకోకపోతే వేలితో మట్టిలో తడి చూసి, పొడిగా ఉంటేనే నీరు పెట్టాలి.