పాత డెస్క్‌టాప్ మానిటర్ మొరాయిస్తే ఏం చేయాలి?

స్క్రీన్ నల్లబడితే చాలు, మానిటర్ పోయిందని తేల్చేస్తారు. దుకాణానికి మోసుకెళ్తే ఒకరు ప్యానెల్ (బొమ్మ చూపించే పలక) పోయిందంటారు, ఇంకొకరు విండోస్ ఫార్మాట్ కొడదామంటారు. కంపెనీ లోగో కూడా కనపడని స్క్రీన్‌కు విండోస్‌తో ఏం సంబంధమో వాళ్లకే తెలియాలి.

వరంగల్, హన్మకొండల్లోని జిరాక్స్ సెంటర్లు, ఏనుమాముల మార్కెట్ చుట్టూ ఉన్న అడ్తి దుకాణాలు, మండల కేంద్రాల్లోని ఎరువుల షాపులు, వీటిలో చాలాచోట్ల పదేళ్లు దాటిన డెస్క్‌టాప్‌ల మీదే ఇప్పటికీ లెక్కలు నడుస్తున్నాయి. వాటి మానిటర్లు ఆగిపోయినప్పుడు సగానికి సగం బయటి నుంచే తేలిపోయే తప్పులు. మిగిలినవాటిలో ఎక్కువ భాగం పవర్ బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్లు, అంటే కరెంటును నిలవ ఉంచే చిన్న డబ్బాలు. ప్యానెల్ నిజంగా పోవడం తక్కువ.

ఇక్కడ చెప్పేదంతా పలకలాంటి ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ మానిటర్ల గురించి. వెనక డబ్బా ఉన్న పాత పిక్చర్ ట్యూబ్ మానిటరైతే దాన్ని విప్పకండి. ట్యూబ్‌లో 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్ పీకేసినా మిగిలే ఉంటుంది.

కావలసిన సామాను: స్టార్ స్క్రూడ్రైవర్, టార్చ్, మల్టీమీటర్, గడువు తీరిన ఏటీఎం కార్డు, మందపాటి దుప్పటి. లోపల పని కూడా చేస్తామంటే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సోల్డర్ తీగ, ఫ్లక్స్ పేస్ట్, రెండు వైర్లు బిగించిన ఫిలమెంట్ బల్బు.

1. తప్పు మానిటర్‌దా, సీపీయూదా తేల్చండి

సీపీయూ వెనక నుంచి వీడియో కేబుల్ పీకేసి మానిటర్ ఒక్కటే ఆన్ చేయండి. 'నో సిగ్నల్' అనో 'చెక్ కేబుల్' అనో అక్షరాలు స్పష్టంగా వస్తే మానిటర్ దాదాపు బాగున్నట్టే. వెతకాల్సింది సీపీయూలో, కేబుల్‌లో.

కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కితే లైటు వెలిగి ఆరుతోందా? ఆరుతుంటే సీపీయూ నడుస్తోంది, బొమ్మే బయటికి రావడం లేదు. లైటు కదలకపోతే సీపీయూనే లేవలేదు. అప్పుడు ప్లగ్ తీసి, ర్యామ్ ముక్క బయటికి లాగి, దాని బంగారు రంగు అంచును పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించండి. పత్తి దుమ్ము, మిర్చి ఘాటు ఎగిరే దుకాణాల్లో, భూపాలపల్లి, గోదావరిఖని వైపు బొగ్గు పొడి చేరే ఇళ్లలో ఈ ఒక్క పనితో లేచిన కంప్యూటర్లు చాలా ఉన్నాయి. సిరా చెరిపే గరుకు రబ్బరు వాడొద్దు, అది గీకేస్తుంది.

సీపీయూలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే పెట్టాలి. మదర్‌బోర్డు (సీపీయూలోని ప్రధాన బోర్డు) మీది నీలిరంగు వీజీఏ సాకెట్‌కు పెట్టి స్క్రీన్ రావడం లేదని టెన్షన్ పడేవాళ్లు ఎందరో. కార్డు పెట్టగానే చాలా పాత బోర్డుల్లో ఆ సాకెట్ పనిచేయడం ఆగిపోతుంది.

2. కేబుల్ చూడండి

నీలిరంగు వీజీఏ కేబుల్‌లో మూడు వరుసల్లో 15 పిన్నులుంటాయి. మధ్య వరుసలో తొమ్మిదో పిన్ను చాలా కేబుళ్లలో తయారీలోనే ఉండదు. అది విరిగిందనుకుని మంచి కేబుల్ పారేయకండి. వంగిన పిన్ను ఉంటే మాత్రం సన్నటి శ్రావణంతో నెమ్మదిగా నిలబెట్టండి.

స్క్రీనంతా పసుపు పచ్చగా మారితే కేబుల్‌లో నీలం రంగు మోసే వైరు తెగినట్టు, గులాబీ రంగుకు తిరిగితే ఆకుపచ్చది తెగినట్టు. రెండు పక్కల మరలూ బిగించాల్సిందే. బిగించకుండా వదిలేసిన కేబుల్ టేబుల్ కదిలినప్పుడల్లా వదులవుతుంది, పిన్నులు అలాగే వంగుతాయి.

3. టార్చ్ పరీక్ష

మానిటర్ లైటు వెలుగుతోంది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. గదిలో లైట్లు ఆర్పి, టార్చ్‌ను స్క్రీన్‌కు ఏటవాలుగా పట్టి దగ్గర నుంచి చూడండి. ఐకాన్లు మసకగా కనపడుతున్నాయా? అయితే ప్యానెల్ బొమ్మ గీస్తోంది, దాని వెనక వెలుగే లేదు. 2010కి ముందు వచ్చిన మానిటర్లలో ఆ వెలుగు చాలావరకు సన్నటి ట్యూబ్‌లైట్ల నుంచి వస్తుంది, తర్వాతి వాటిలో ఎల్‌ఈడీల నుంచి.

ఆన్ చేయగానే రెండు సెకన్లు బొమ్మ వచ్చి ఆరిపోవడం, పవర్ లైటు కొట్టుకుంటూ ఉండటం, చలికాలం పొద్దున అరగంట ఆగితే గానీ వెలగకపోవడం, ఇవన్నీ పవర్ బోర్డు మీద అనుమానం పెంచే లక్షణాలు. స్క్రీన్ మీద నిలువు గీతలు శాశ్వతంగా ఉంటే, నల్లటి సిరా ఒలికినట్టు మచ్చ ఉంటే అది ప్యానెల్. దాన్ని బాగు చేయించొద్దు. నేరుగా ఐదో అంచెకు వెళ్లండి.

కరెంటు బయటి అడాప్టర్ ద్వారా వచ్చే మానిటరైతే విప్పకముందే అడాప్టర్ కొలవండి. కొన్ని 12 వోల్టులవి, కొన్ని 14, కొన్ని 19. అదే వోల్టులది, అంతే లేదా ఎక్కువ ఆంపియర్లది, పిన్నులో ప్లస్, మైనస్ అదే వైపున్నది మాత్రమే కొనాలి. ల్యాప్‌టాప్ చార్జర్ పిన్ను పట్టింది కదా అని గుచ్చడం మానిటర్‌ను చంపుకోవడమే.

4. విప్పడం: అందరూ చెడగొట్టేది ఇక్కడే

ముందు భయపెట్టే సంగతి చెప్తాను. మన 230 వోల్టుల కరెంటు మానిటర్ లోపలికి వెళ్లగానే డీసీగా మారి, సుమారు 325 వోల్టులుగా ఒక పెద్ద కెపాసిటర్‌లో నిలుస్తుంది. బోర్డు మీద అన్నిటికంటే లావుగా, 400 లేదా 450 వోల్టులని రాసి ఉండేది అదే. ప్లగ్ తీసినా ఆ చార్జీ వెంటనే పోదు. నడిచే మానిటర్ కంటే చచ్చిన మానిటరే ఇక్కడ ప్రమాదం. నడిచేదైతే లోపలి సర్క్యూటు ఆ చార్జీని కాసేపట్లో వాడేసుకుంటుంది. చచ్చినదాంట్లో వాడుకునేది ఏదీ ఉండదు, చార్జీ అలాగే కూర్చుంటుంది.

అందుకని ప్లగ్ తీసి కనీసం గంట పక్కన పెట్టండి. విప్పాక కూడా ఆ కెపాసిటర్ రెండు కాళ్లకు మల్టీమీటర్ పెట్టి డీసీ వోల్టులు చూడండి. పది దాటి చూపిస్తే బల్బు వైర్లు ఆ రెండు కాళ్లకు కొన్ని క్షణాలు ఆనించండి, చార్జీ దిగిపోతుంది. మళ్లీ కొలవండి. బల్బు ఫిలమెంట్‌దే కావాలి, ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. స్క్రూడ్రైవర్ మొన అడ్డం పెట్టి టప్పుమనిపించే మెకానిక్‌లను చూసి అదే పద్ధతనుకోకండి. ఆ మెరుపుకు కాళ్లు కరుగుతాయి, పక్కనున్న భాగాలు పోతాయి, ఒక్కోసారి కంట్లో పడుతుంది. ఈ పేరా చదివాక చేతులు వణికితే విప్పడం మానేయండి, అందులో నామోషీ ఏమీ లేదు.

దుప్పటి మడిచి దాని మీద మానిటర్‌ను బోర్లా పడుకోబెట్టండి. స్టాండు తీసి, కనపడే మరలన్నీ విప్పండి. తర్వాత ముందు, వెనక ప్లాస్టిక్ కలిసే సందులో ఏటీఎం కార్డు దూర్చి, కింది అంచు నుంచి మొదలుపెట్టి ఒక్కో కొక్కెం ఊడదీస్తూ పోండి. చాకు, స్క్రూడ్రైవర్ దూర్చొద్దు. లోపల రెండు మిల్లీమీటర్ల దూరంలోనే ప్యానెల్ అంచు ఉంటుంది, దాని మీద పడ్డ గీత మళ్లీ పోదు. ముందు చట్రం ఊడగానే ఆత్రంగా లాగకండి. బటన్ల బోర్డు నుంచి సన్నటి వైరు ఒకటి లోపలికి పోతుంది, తెగేది అదే. ప్యానెల్‌కు వెళ్లే వెడల్పాటి పట్టీ వైరును పక్క క్లిప్పులు నొక్కి తీయాలి, గుంజకూడదు. ట్యూబ్‌లైట్లకు వెళ్లే జంట వైర్లను ప్లగ్ దగ్గర పట్టుకుని లాగండి, వైరు పట్టుకుని కాదు. ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయండి. గుర్తుంటుందనుకునేవాళ్లకు గుర్తుండదు.

రేకు పెట్టె తెరిస్తే రెండు బోర్డులుంటాయి. ప్లగ్ సాకెట్ ఉన్నది పవర్ బోర్డు. దాని మీద చిన్న డ్రమ్ముల్లా నిలబడ్డ కెపాసిటర్ల నెత్తులు చూడండి. నెత్తి చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా అది పోయినట్టే. ఒకటి ఉబ్బిందంటే దాని పక్కవి కూడా వయసైపోయినవే, లావుదాన్ని వదిలి తక్కువ వోల్టుల వైపు ఉన్నవన్నీ మార్చేయండి. ఒక్కటే మార్చి మళ్లీ ఆరు నెలలకు విప్పడం దండగ పని.

కొత్తదాని మైక్రోఫారడ్ అంకె (పక్కన µF అని రాసి ఉండేది) పాతదానితో సమానంగా ఉండాలి. వోల్టులు సమానం లేదా ఒక మెట్టు ఎక్కువ. 105 డిగ్రీలది, లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ) రకమే అడగండి. ఎందుకంటే ఈ కెపాసిటర్ల వేడి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది, పెరిగితే సగమవుతుంది. మే నెలలో బయటే 43, 44 డిగ్రీలుండే వరంగల్‌లో, రేకుల కప్పు కింద ఉన్న దుకాణంలో 85 డిగ్రీల కెపాసిటర్ పెట్టడమంటే మళ్లీ విప్పడానికి ముహూర్తం పెట్టుకోవడమే. ఇంకొకటి, ఎత్తు కొలుచుకుని కొనండి. పొడవైనది తెస్తే వెనక కవర్ మూత పడదు.

లో ఓల్టేజీ వల్లే మానిటర్ పోయిందని మన దగ్గర ఒక నమ్మకం ఉంది. యాసంగిలో మోటార్లన్నీ ఒకేసారి నడిచే ఊళ్లలో ఓల్టేజీ పడిపోయేది నిజమే. కానీ వెనక స్టిక్కర్ చదివితే చాలా మానిటర్ల మీద 100 నుంచి 240 వోల్టులని ఉంటుంది. తక్కువ ఓల్టేజీని అవి తట్టుకుంటాయి. కరెంటు పోయి ఒక్కసారిగా తిరిగొచ్చే దెబ్బకే ఇబ్బంది. కాబట్టి మానిటర్ కోసం స్టెబిలైజర్ కొనకండి, కరెంటు పోగానే స్విచ్ ఆపేయండి. మిగిలిన డబ్బుతో సరైన ఎర్తింగ్ వేయించుకోండి.

కెపాసిటర్‌కు దిశ ఉంటుంది. పక్కన గీత ఉన్న కాలు మైనస్. బోర్డు మీద కూడా ఒక సగం రంగు నింపి ఉంటుంది, సాధారణంగా అది మైనస్ వైపు, కానీ కొన్ని బోర్డుల మీద ఆ గుర్తు తిరగేసి ఉంటుంది. అందుకే గుర్తును కాదు, పాతది ఊడదీయకముందు మీరు తీసిన ఫొటోను నమ్మండి. తిరగేసి పెడితే పేలుతుంది. ఊడదీసేటప్పుడు పాత సోల్డర్ మీద కొంచెం కొత్త సోల్డర్, పేస్ట్ వేసి, రెండు కాళ్లనూ మార్చి మార్చి వేడి చేస్తే దానంతటదే జారుతుంది. బలం పెట్టి లాగితే బోర్డు మీది రాగి పొర కూడా లేచొస్తుంది.

బిగించాక మొదటిసారి నేరుగా ప్లగ్‌లో పెట్టకండి. ఎలక్ట్రీషియన్ల దగ్గర సిరీస్ బల్బు బోర్డు (కరెంటు ఒక బల్బు గుండా పోయేలా కట్టినది) ఉంటుంది, దాని ద్వారా ఇవ్వండి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే సరే. వెలుగుతూనే ఉంటే లోపల షార్టుంది, ఆపేయండి. బోర్డు మీద ఫ్యూజు కాలిపోయి కనపడితే దాని స్థానంలో తీగ చుట్టకండి. ఫ్యూజు ఊరికే కాలదు. అక్కడితో మీ పని అయిపోయింది, బోర్డు తెలిసినవాళ్లకు ఇవ్వండి.

5. కొత్తది కొనాల్సి వస్తే

ముందు సీపీయూ వెనక ఫొటో తీసుకుని దుకాణానికి వెళ్లండి. నీలిరంగు వీజీఏ సాకెట్ ఒక్కటే ఉంటే, వీజీఏ కూడా ఉన్న మానిటరే కొనండి. ఇంకా దొరుకుతున్నాయి.

హెచ్‌డీఎంఐ మాత్రమే ఉన్నది నచ్చి తీరాలనుకుంటే కన్వర్టర్ కావాలి, ఇక్కడ దిశ ముఖ్యం. మీకు కావలసింది వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది. కౌంటర్‌లో చేతికిచ్చేది తరచుగా దానికి ఉల్టా, ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టర్‌కు కలిపేది. అది అటు నుంచి ఇటు పనిచేయదు. సరైనదానికి వీజీఏ వైపు పిన్నులుంటాయి, హెచ్‌డీఎంఐ వైపు రంధ్రం ఉంటుంది, కరెంటు కోసం యూఎస్‌బీ వైరు వేలాడుతుంది. రెండు చివర్లూ తప్ప మధ్యలో సర్క్యూటే లేని ఉత్త కేబుల్ కొనకండి. తెల్ల డీవీఐ సాకెట్ ఉంటే ఈ గొడవ లేదు, డీవీఐ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ చాలు.

సైజు 22 అంగుళాలు దాటొద్దు. లెక్కలు రాసుకునే టేబుల్‌కు అంతకంటే పెద్దది మెడ నొప్పికే. వంపు తిరిగిన మానిటర్ అడగనే వద్దు. సెకండ్ హ్యాండ్ కొంటే దుకాణంవాడు ముందే ఆన్ చేసి ఉంచింది తీసుకోకండి. చల్లగా ఉన్నదాన్ని మీ ముందు ఆన్ చేయించి, అరగంట నడిపించి, తెల్ల పేజీ మీద చుక్కలు, నల్ల పేజీ మీద అంచుల వెలుగు చూడండి.

ఇంటికొచ్చి బిగించాక అక్షరాలు మసకగా ఉంటే రెజల్యూషన్ మానిటర్ సొంత అంకెకు మార్చండి, 22 అంగుళాలదైతే ఎక్కువగా 1920×1080. ఆ అంకె జాబితాలో రాకపోతే చాలాసార్లు గ్రాఫిక్స్ డ్రైవర్ (బొమ్మను నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించకపోవడమే కారణం. వీజీఏలో బొమ్మ పక్కకు జరిగితే మానిటర్ మీది ఆటో బటన్ ఒకసారి నొక్కండి. బ్రైట్‌నెస్ 40 దగ్గర పెట్టండి.

ట్యూబ్‌లైట్లున్న పాత మానిటర్‌ను పాత సామాన్లవాళ్లకు ఇచ్చి పగలగొట్టించొద్దు. ఆ ట్యూబుల్లో పాదరసం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రిజిస్టరైన రీసైక్లర్లకే చేరాలి, కొత్తది కొన్న దుకాణంలో పాతది తీసుకుంటారేమో అడగండి. ఇచ్చేముందు పవర్ కేబుల్, వీజీఏ కేబుల్ తీసి దాచుకోండి.