స్కోలియోసిస్ బ్రేస్‌తో నడక: మొండెం కండరాలను చురుగ్గా ఉంచుకునే విధానం

స్కోలియోసిస్ అంటే వెన్నెముక పక్కకు వంగడం. ఆ వంపును ఎక్స్‌రేలో కొలిచే కాబ్ కోణం 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండి, ఎముకల ఎదుగుదల ఇంకా మిగిలి ఉన్న పిల్లలకు వైద్యులు సాధారణంగా బ్రేస్ (మొండెం చుట్టూ తొడిగే గట్టి కవచం) సూచిస్తారు. అమెరికా, కెనడా కేంద్రాల్లో జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, ఎదుగుదల ముగిసేసరికి వంపు 50 డిగ్రీల లోపే నిలిచినవారు బ్రేస్ ధరించినవారిలో 72 శాతం, ధరించనివారిలో 48 శాతం. ధరించిన గంటలు పెరిగినకొద్దీ ఫలితం కూడా మెరుగైంది. కాబట్టి బ్రేస్ మొండాన్ని పట్టి ఉంచితే కండరాలు బలహీనపడతాయన్న భయంతో ఆ గంటలను తగ్గించవద్దు. బ్రేస్ లోపల కూడా కండరాలు పనిచేసేలా పిల్లలను నడిపించడం మన చేతిలో ఉంది.

నడకలో మడమ నేలకు ఆనినప్పుడల్లా వెన్నుకు ఇరువైపులా ఉన్న నిలువు కండరాలు మొండెం ముందుకు తూలకుండా పట్టి ఉంచుతాయి. ఒంటికాలిపై నిలిచే క్షణంలో పిరుదు పక్క కండరాలు కటి ఒరిగిపోకుండా ఆపుతాయి. స్కోలియోసిస్ ఉన్న బాలికల్లో ఈ కండరాలు ప్రతి అడుగులోనూ తోటివారికంటే ఎక్కువసేపు బిగిసి ఉంటాయని, నడకకు శక్తి కూడా ఎక్కువ ఖర్చవుతుందని బెల్జియం పరిశోధకులు గమనించారు. అంటే, బ్రేస్ రాకముందే ఆ కండరాలు ఎక్కువగా శ్రమిస్తున్నాయి. బ్రేస్ కటి కదలికను మరికొంత కట్టడి చేస్తుంది కనుక అడుగు కురచై, చేతులు బిగుసుకుపోయే అవకాశం ఉంది.

బిడ్డను పడుకోబెట్టి, కుట్లు ఒత్తుకోని నూలు బనియన్ మీద బ్రేస్‌ను తొడిగి, పట్టీలను ఆర్థోటిస్ట్ (బ్రేస్ తయారుచేసి అమర్చే నిపుణుడు) గుర్తుపెట్టిన చోటి వరకు బిగించండి. వదులుగా ఉన్న బ్రేస్ వంపును ఆపదు, పైగా చర్మాన్ని ఒరుస్తుంది. తరువాత చదునైన నేలపై కొద్దిసేపు నడిపించండి. చూపు ఎదురుగా ఉండాలి, చేతులు సహజంగా ఊగాలి, అడుగు మరీ కురచ కాకూడదు. షెనో తరహా అనే ఒక రకం బ్రేస్‌లో, వంపును నెట్టే మెత్త ఒత్తే వైపుకు ఎదురుగా ఖాళీ స్థలం వదులుతారు. నడుస్తూ ఆ ఖాళీలోకి పక్కటెముకలు విచ్చుకునేలా నిదానంగా ఊపిరి తీయడం నేర్పితే, మొండెం బ్రేస్‌పై వాలిపోకుండా తానే నిటారుగా నిలబడే ప్రయత్నం చేస్తుంది. నా దృష్టిలో అన్నిటికన్నా ఓపికగా నేర్పవలసినది ఇదే. నెలకోసారి అదే చోట, వెనుక నుంచి ఫోన్‌లో వీడియో తీసి, తల కటి మధ్యభాగానికి సరిగ్గా పైన ఉందో లేదో పోల్చి చూడండి.

బ్రేస్ తీసే సమయాన్ని ఆటకు, ఫిజియోథెరపిస్ట్ ఆ వంపుకు తగినట్టు నేర్పిన వ్యాయామాలకు కేటాయించండి. వ్యాయామం బ్రేస్‌కు ప్రత్యామ్నాయం కాదు, తోడు మాత్రమే. మన ఎండాకాలంలో చెమట తడిసిన బనియన్‌ను వెంటనే మార్చాలి. బ్రేస్ తీసిన అరగంటకు కూడా ఎరుపు తగ్గకపోయినా, తొడ బయటివైపు తిమ్మిరెక్కినా, నడకలో ఊపిరి అందకపోయినా, తదుపరి అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆర్థోటిస్ట్‌నూ వైద్యుణ్ణీ కలవండి.